మగది లేదు కదా, గుడ్లెట్లా వస్తాయి మేడం? (ఊసరవెల్లి పెంపకం: అపోహలు - వాస్తవాలు)

మొన్న ఆదివారం పొద్దున్నే రేణిగుంట నుంచి ఒక పిల్లోడు చెప్పుల డబ్బాలో వెయిల్డ్ కమీలియన్ని (ఇళ్లల్లో పెంచుకునే విదేశీ ఊసరవెల్లి) పెట్టుకుని మా క్లినిక్‌కి వచ్చినాడు. నాలుగు రోజులుగా పురుగు ముట్టలేదంట, కేజ్ అడుగున అటూ ఇటూ తిరగతా మూలలు గీకతా ఉందంట, మలబద్ధకం అయ్యుంటుంది ఆముదం పట్టమని ఎవరో చెప్పినారంట. ఎక్స్‌రే తీస్తే కడుపు నిండా గుడ్లే, లెక్కపెడితే 38. పిల్లోడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

మగది లేకుంటే గుడ్లు రావనే ఈ ఒక్క అపోహే ఎక్కువ ప్రాణాలు తీస్తా ఉంది. మనం రోజూ తినే ఫారం గుడ్డు పుంజు లేకుండా వచ్చిందే కదా, ఇదీ అంతే. వెయిల్డ్ ఆడది మగదాని మొహం చూడకపోయినా గుడ్లు కడుతుంది, ఒక్కో విడతకి 20 నుంచి 70 దాకా, తిండీ వేడీ ఎక్కువైతే ఇంకా ఎక్కువ కడుతుంది. బతికేది కొమ్మ మీదైనా గుడ్లు పెట్టేది మట్టిలోనే. అందుకే కేజ్‌లో అడుగు లోతు తడి ఇసుక ఉండాల, వేలితో బొక్క పెడితే కూలకూడదు. అది లేకపోతే లోపలే బిగబట్టుకుంటుంది, అదే ఎగ్ బైండింగ్. పోయినేడు చిత్తూరు నుంచి ఒకాయన ఆముదం పట్టించి వారం చూసి తెచ్చినాడు, ఆపరేషన్ చేసినా దక్కలేదు, టేబుల్ మీద అది కళ్లు మూసుకున్నది నాకింకా గుర్తే. దయచేసి ఆముదం పట్టొద్దు. భయపడి నెట్‌లో వెతకతా కూర్చోవద్దు, వెంటనే తీసుకురండి, టైముకొస్తే చాలావరకు బతికించుకోవచ్చు.

ఈ గుడ్లని కోళ్ల ఇంక్యుబేటర్‌లో పెడితే పిల్లలైతాయనేది ఇంకో అపోహ. కోడిగుడ్డుకి 37.5 డిగ్రీలు, ఆ వేడికి వీటి పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్డు మాదిరి తిప్పకూడదు కూడా, పెట్టినప్పుడు పైన ఉన్న వైపు చివరిదాకా పైనే ఉండాల. ఓపిక కూడా కావాల, మడగాస్కర్‌లో ఉండే పార్సన్స్ ఊసరవెల్లి గుడ్డుకి ఏడాది పైనే పడుతుంది. మగది కలవకుండా పెట్టినవి మాత్రం ఎన్నాళ్లుంచినా పొదగవు.

ఊసరవెల్లికి విషం లేదు. తొండ ముదిరితే ఊసరవెల్లి కాదు, సామెత సామెతే, రెండూ వేరే జాతులు. గిన్నెలో నీళ్లు పెడితే చాలావరకు తాగవు, ఆకుల మీద చిలకరించండి.

శేషాచలం అడవిలోది పట్టి బ్రీడ్ చేద్దామని అడిగేవాళ్లు నన్ను అడగొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కొన్న విదేశీదైనా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాల. పొట్ట ఉబ్బిన ఆడ ఊసరవెల్లి రోడ్డు పక్కన నేల మీద కనిపిస్తే జబ్బనుకొని డబ్బాలో వేసుకురావొద్దు, గుడ్లు పెట్టేదానికి చెట్టు దిగుంటుంది, దాని దారిన వదిలేయండి.

రేణిగుంట పిల్లోడి ఊసరవెల్లికి కాల్షియం ఇచ్చి, బకెట్లో తడి ఇసుక పోసి దాన్ని అందులో వదిలి చుట్టూ దుప్పటి కట్టమన్నా, మనిషి కనపడితే తవ్వడం ఆపేస్తుంది కాబట్టి తొంగి కూడా చూడొద్దన్నా. నిన్న తెల్లారి 5 గంటలకే ఫోన్, "మేడం 36 పెట్టింది!" అని. ఇంకా రెండు లోపలున్నాయి, రేపు మళ్లీ ఎక్స్‌రేకి రమ్మన్నా.