సెన్సస్ అంకెలతో హైదరాబాద్ ట్రాఫిక్‌ని ఊహిస్తే ఏమైంది

సివిల్ ఇంజనీరింగ్ చదివినోళ్ళకి గుర్తుండే ఉంటుంది, పాత సెన్సస్ అంకెలు ఇచ్చి ముప్పై ఏళ్ళ తర్వాత ఊరి జనాభా ఎంతో తేల్చమనే ప్రాబ్లం. గ్రాఫ్ గీసి ముందుకి పొడిగించేయడమే. రోడ్లు, బస్సులు, మెట్రో ప్లాన్లకి కూడా అడుగున ఉండేది దాదాపు ఈ లెక్కే, దానిమీదే ఎంతమంది ఎటు తిరుగుతారో కడతారు.

అదే మన హైదరాబాద్‌కి వేసి చూడండి. చుట్టుపక్కల ఊళ్ళు కలుపుకుని 1981లో 25.5 లక్షలు, 1991లో 43.4 లక్షలు, అంటే పదేళ్ళలో 70 శాతం. అదే స్పీడు పట్టుకుంటే 2001కి 74 లక్షలు రావాలి కదా, తీరా తేలింది 57.4 లక్షలే, ఏకంగా 17 లక్షల తేడా. సరే అని ఈసారి 1991 నుంచి 2001కి పెరిగిన 32 శాతం పట్టుకుని 2011కి వేస్తే 76 లక్షలు వస్తుంది, నిజంగా వచ్చింది 77.5. అరె, ఇంత కరెక్టా అనిపిస్తుంది!

మరి ముందు వేసిన 74 లక్షల లెక్క ఎందుకు తన్నేసింది అంటే, ఆ 70 శాతంలో మనుషులు పెరిగింది కొంత, లెక్కలోకొచ్చే ఏరియా పెరిగింది కొంత. సెన్సస్ అబద్ధం చెప్పలేదు, మనమే హద్దు చూసుకోలేదు. 2001లో పాత ఎంసీహెచ్ (అప్పటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) జనాభా 36 లక్షలు, 2011లో జీహెచ్ఎంసీది (దాని స్థానంలో వచ్చిన గ్రేటర్ కార్పొరేషన్) 67 లక్షల పైన. దాదాపు రెట్టింపు అని హెడ్డింగ్ పెట్టేయొచ్చు గానీ మధ్యలో 2007 ఏప్రిల్లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపేశారు, రెండూ ఒకే ఊరు కాదు.

2011 టోటల్ కరెక్టుగా వచ్చిందన్నా కదా, బస్సు వేసేవాడికి అది కూడా పెద్దగా పనికిరాదు. 1991 నుంచి 2001 లోపు ఎంసీహెచ్ లోపల పెరిగింది 20 శాతం అటూఇటూ, దాని బయట మాత్రం జనం ఒకటిన్నర రెట్లు దాటేశారు. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు, అప్పటికి మాదాపూర్ శేరిలింగంపల్లి మున్సిపాలిటీలోది, ఎంసీహెచ్‌లోదే కాదు. అక్కడ ఎన్ని ఆఫీసులొస్తాయో 1981, 1991 అంకెల్లో ఎంత వెతికినా దొరకదు.

ఊరు ఎప్పుడూ పైకే పోతుందని కూడా లేదండోయ్. 1911లో ఐదు లక్షలున్న హైదరాబాద్ 1921కి నాలుగు లక్షలకి పడిపోయింది, మధ్యలో ఇన్‌ఫ్లుయెంజా, ప్లేగు. ఆ రెండు అంకెలతో గ్రాఫ్ పొడిగించి ఉంటే ఇవాళ్టికి ఊరే మిగలకూడదు. 1951కి పది లక్షలు దాటేసింది.

ఇంకోటి, సెన్సస్ మనిషిని ఇంటి దగ్గర లెక్కపెడుతుంది, బస్సుకి కావాల్సిందేమో పొద్దున్నే ఎటు బయల్దేరతాడనేది. 2011లో పనికి ఎంత దూరం పోతారు, దేనిమీద పోతారు అని అడిగారు, సైకిలా, బండా, బస్సా అని. అదీ వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులు చేసేవాళ్ళనే. నా లెక్కలో ప్లానింగ్‌కి మొత్తం జనాభా కంటే ఈ టేబులే బంగారం.

ఆ తర్వాత 2021 సెన్సస్ కోవిడ్‌తో ఆగిపోయింది, 1881 నుంచి పదేళ్ళకోసారి తప్పకుండా జరిగేది మొదటిసారి తప్పింది. మెట్రో 2017 నవంబర్లో మొదలైంది. 2011 సెన్సస్‌కి అసలు మెట్రోనే లేదు, కాబట్టి ఆ టేబుల్లో హైదరాబాద్ మెట్రో ఎక్కి ఆఫీసుకి పోయినవాడు ఒక్కడు కూడా లేడు. ఇప్పుడు కొత్త లెక్క 2027 మార్చి 1 తేదీకి తీస్తున్నారు. హద్దులు మార్చుకునేవాళ్ళు 2025 డిసెంబర్ 31 లోపే మార్చుకోవాలన్నారు, మనవాళ్ళు సరిగ్గా ఆ డిసెంబర్లోనే ఇంకో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్ఎంసీలో కలిపేశారు. రేపు కొత్త అంకె రాగానే 2011 పక్కన పెట్టి శాతం తీసేముందు పాత హద్దులకి ఎంతో విడిగా తీసుకోండి, లేకపోతే మళ్ళీ 74 లక్షల కథే.