జులు పల్లెల్లో మా సేవ: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మా కాన్వెంట్‌కు ఇండియా నుంచి వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "సిస్టర్ గారూ, మీ దగ్గర అనాథ పిల్లలు చాలామంది ఉన్నారట కదా, మా నాన్నగారి పేరు మీద ఒక అనాథాశ్రమం కట్టిద్దామనుకుంటున్నాం." గుంటూరు వైపు నుంచి అడుగుతారు, హైదరాబాద్ నుంచి అడుగుతారు, అమెరికాలో ఉన్న మనవాళ్ళూ అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతున్నారు. నేను మాత్రం ప్రతిసారీ వద్దనే చెబుతున్నాను. కారణం ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను నర్సుని. దక్షిణాఫ్రికాలో, జులు ప్రజలు ఎక్కువగా ఉండే క్వాజులు-నటాల్ రాష్ట్రంలో, తుగెలా నది దాటి చెరకు తోటలు పలచబడి కొండలు మొదలయ్యే చోట మా పని. మంచం పట్టినవాళ్ళను, టీబీ ఉన్నవాళ్ళను, హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ళను ఇళ్ళకే వెళ్ళి చూస్తాం. వాళ్ళను చూడటానికి వెళితే వాళ్ళ పిల్లల సంగతి కూడా మన మీద పడుతుంది.

అపోహ: తల్లిదండ్రులు పోయిన పిల్లలకు దిక్కు ఉండదు. వాళ్ళను ఆశ్రమంలో చేర్చడమే సేవ.

వాస్తవం: ఆ పిల్లలకు గోగో ఉంది. అంటే అమ్మమ్మో, నాన్నమ్మో. ఆమె లేకపోతే పిన్ని, పెద్దమ్మ, మేనమామ. ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులు ఇవ్వడం 2004లో గానీ మొదలు కాలేదు. అప్పటికే ఇంటింటా పాతికేళ్ళ, ముప్పయ్యేళ్ళ బిడ్డల్ని పాతిపెట్టారు. వాళ్ళు వదిలి వెళ్ళిన పసివాళ్ళను పెంచింది ముసలి తల్లులే. పైగా లెక్కల్లో 'అనాథ' అని రాసిన పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, ఒకరు పోయినా ఆ లెక్కలో చేరుస్తారు కాబట్టి. పెద్దవాళ్ళెవరూ లేకుండా పిల్లలే నడుపుకునే ఇళ్ళల్లో ఉండేవాళ్ళు దేశం మొత్తం మీద చూస్తే నూటికి ఒకరు కూడా ఉండరు.

ఇంట్లో మనిషి ఉంది, లేనిది డబ్బు. ఆ డబ్బుకు కూడా ఈ దేశంలో దారి ఉంది. పిల్లల పోషణకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ సపోర్ట్ గ్రాంట్ 1998 నుంచి ఉంది. 2025 ఏప్రిల్‌లో అది ఒక్కో బిడ్డకు నెలకు 560 రాండ్లు ఉండేది. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా వస్తుంది. తీసుకోవడానికి తల్లే కానక్కర్లేదు, పెంచుతున్న అవ్వ తీసుకోవచ్చు, ఆమెకు వృద్ధాప్య పింఛను వస్తున్నా సరే. తల్లిదండ్రులిద్దరూ పోయి బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు 2022 నుంచి దీని మీద ఇంకొంత కలిపి ఇస్తున్నారు. అంతకుముందు బంధువులు ఎక్కువ డబ్బు కావాలంటే కోర్టుకు వెళ్ళి, బిడ్డను పెంచే బాధ్యత అప్పగించే ఫోస్టర్ ఆర్డర్ తెచ్చుకోవాలి, దాన్ని మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవాలి. సోషల్ వర్కర్లు ఆ ఫైళ్ళ కిందే నలిగిపోయేవారు.

మరి ఇన్ని ఉండగా పిల్లలు ఎందుకు పస్తులుంటున్నారు? కాగితాలు లేక. పుట్టిన 30 రోజుల్లో నమోదు చేయించకపోతే ఆ తర్వాత అదనపు రుజువులు అడుగుతారు. తల్లి ఐడీ లేకుండానే చనిపోయి ఉంటే ఇంకా కష్టం. జనన నమోదు, ఐడీలు చూసే హోం అఫైర్స్ ఆఫీసు పట్నంలో ఉంటుంది. అక్కడికి మినీబస్సులో వెళ్ళి రావడానికే అవ్వ పింఛనులోంచి పెద్ద ముక్క పోతుంది. పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడితే సాయంత్రానికి "సిస్టమ్ పనిచేయడం లేదు, రేపు రండి" అంటారు. ఇలా రెండుసార్లు తిరిగాక ఎవరైనా మానేస్తారు.

ఇదే అపోహ అటు వైపు నుంచి కూడా వస్తుంది. దాతలేమో పిల్లల్ని తెచ్చి ఆశ్రమంలో పెట్టమంటారు. అవ్వలేమో సిస్టర్లు వచ్చి పిల్లల్ని పట్టుకుపోతారని భయపడతారు. పేరు రాయించుకుంటే చాలు, మర్నాడు బండి వస్తుందని ఊళ్ళలో పుకారు. ఈ పుకారు పుట్టించేవాళ్ళ మీద నాకు ఏమాత్రం ఓపిక లేదు. నమ్మే అవ్వల మీద మాత్రం కోపం రాదు. వాళ్ళు చూసినవి అలాంటివి. 1968లో ఈ రాష్ట్రంలోనే మరియా రాచిట్స్ మిషన్ భూముల్లోనూ చుట్టుపక్కలా ఉన్న నల్లవాళ్ళను అప్పటి వర్ణవివక్ష ప్రభుత్వం లారీల్లో ఎక్కించి, లైమ్‌హిల్ అనే బీడు మీద గుడారాల్లో దించింది. అక్కడి ఫాదర్ కాస్మస్ డెస్మండ్ ఆ సంగతి లోకానికి చెప్పినందుకు 1971లో ఆయన మీద, బయట మాట్లాడకుండా కట్టడి చేసే నిషేధపు ఉత్తర్వు వేశారు. బండి వచ్చి మనుషుల్ని తీసుకుపోవడం ఇక్కడి ముసలివాళ్ళకు కట్టుకథ కాదు.

ఒక గోగో దగ్గర నలుగురు మనవలు. ఇద్దరికి కాగితాలు లేవు. మా తెల్ల బండి కనబడగానే పిల్లలు మొక్కజొన్న చేలోకి పరిగెత్తేవారు. ఆమె వాకిట్లో నిలబడి "పిల్లలా, లేరు, ఊరెళ్ళారు" అనేది. అరుగు మీద నాలుగు చిన్న కంచాలు ఆరబెట్టి ఉండేవి. నేను ఏమీ అడగలేదు. మాతో పనిచేసే ఆ ఊరావిడ ఆమెతో కోళ్ళ గురించి, వానల గురించి మాట్లాడుతూ కూర్చునేది. అలా కొన్నాళ్ళు పోయాక ఒకరోజు ఆమే అడిగింది, "వీళ్ళను ఎక్కడికి తీసుకెళ్తారు?" అని. ఎక్కడికీ తీసుకెళ్ళం గోగో, మీ దగ్గరే ఉంటారు, కాగితాలకు మాత్రం మీరు మాతో రావాలి అని చెప్పాం. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత క్లినిక్ కార్డు, స్కూలు హెడ్‌మాస్టర్ ఉత్తరం, ఇండునా, అంటే ఊరి పెద్ద, ఇచ్చిన ఉత్తరం, పోలీసు స్టేషన్‌లో అఫిడవిట్, ఇలా ఒక్కొక్కటీ కూడబెట్టాం.

ఆ పిల్లల్లో పెద్దదానికి అప్పటికి ఏడేళ్ళు. గ్రాంట్ దరఖాస్తు చేసిన రోజు నుంచే లెక్క, వెనకటిది ఇవ్వరు. అంటే ఆ ఒక్క బిడ్డకే ముప్పై వేల రాండ్లకు పైగా పోయినట్టు. ఆ భయానికి చెల్లించిన వెల అది. అందుకే ఈ ఒక్క అపోహ మీద ఇంతసేపు మాట్లాడుతున్నాను.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలియాలి. 2005 నాటి చిల్డ్రన్స్ యాక్ట్ ప్రకారం పిల్లల్ని ఇంటి నుంచి వేరు చేయాలా వద్దా అన్నది చిల్డ్రన్స్ కోర్టు తేల్చాలి. అత్యవసరంలో సోషల్ వర్కరో పోలీసులో తీసుకెళ్ళినా ఆ విషయం వెంటనే కోర్టు ముందు పెట్టాలి. కాన్వెంట్‌కు గానీ చర్చికి గానీ ఆ అధికారం లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడపడం నేరం. ఐడీ, బర్త్ సర్టిఫికెట్ ఇంకా రాకపోయినా అఫిడవిట్ మీద గ్రాంట్‌కు దరఖాస్తు తీసుకోవాలని రూల్ ఉంది, గ్రాంట్లకు సంబంధించిన సోషల్ అసిస్టెన్స్ రెగ్యులేషన్స్‌లో 11(1). చాలా కౌంటర్లలో ఆ మాట మనం గుర్తుచేస్తే గానీ వాళ్ళకు గుర్తుకు రాదు.

ఇంకో సంగతి. జులు బిడ్డకు ఇంటిపేరు, వంశం, ఊరు అన్నీ ఆ ఇంటితోనే ముడిపడి ఉంటాయి. మేకను కోసి బిడ్డను పెద్దలకు పరిచయం చేసే ఇంబెలెకో చేస్తారు. నా విశ్వాసం వేరు, అయినా ఆ బిడ్డకు తన వాళ్ళలో చోటు దొరికే రోజు అదని గౌరవిస్తాను. ఇక్కడి పల్లెల్లో చాలా భూమి, జులు రాజు ధర్మకర్తగా ఉండే ఇంగొన్యామా ట్రస్టుది. ఇల్లు కట్టుకోవడానికి చోటు ఇండునా ద్వారా, తన వాళ్ళ మాట మీద వస్తుంది. ఎక్కడో హాస్టల్ గోడల మధ్య పెరిగి పద్దెనిమిదేళ్ళకు బయటికొచ్చిన కుర్రాడి తరఫున ఎవరు మాట్లాడతారు? పెళ్ళికి లొబోలా, అంటే కన్యాశుల్కం, మాట్లాడటానికి మేనమామలు ఎక్కణ్ణుంచి వస్తారు? అలాంటి కుర్రాళ్ళను డర్బన్ వీధుల్లో చూశాను.

హోమ్ అవసరమైన పిల్లలు అసలు లేరని అనడం లేదు. ఇంట్లోనే హింసకు గురైనవాళ్ళు, వదిలేసిన పసికందులు, ఇంట్లో చూసుకోలేనంత జబ్బు ఉన్నవాళ్ళు ఉంటారు. మండేనిలో 1992లో ఫాదర్ జెరార్డ్ స్థాపించిన బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్లెస్డ్ జెరార్డ్ అనే కాథలిక్ సేవా సంస్థ, ఆఖరి దశ రోగులను చూసే హాస్పీస్‌తో పాటు పిల్లల హోమ్ కూడా నడుపుతోంది. అలాంటివి కావాలి. అవి కొద్దిమంది కోసం, సోషల్ వర్కర్లు, కోర్టు చూసి పంపిన పిల్లల కోసం.

డబ్బు ఇవ్వాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: అవ్వల బస్సు ఛార్జీలకు ఇవ్వండి, ఊళ్ళో తిరిగే కేర్ వర్కర్ల జీతాలకు ఇవ్వండి. శిలాఫలకం ఉండదు, నిజమే.

అపోహ: ప్రార్థనతో నయమైంది, ఇక మందు మానేయొచ్చు.

మానేయకూడదు. మందు ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. రోజూ వాడి, పరీక్షలో వైరస్ కనబడనంత తగ్గి, అలాగే కొనసాగితే శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు, బతుకు మామూలుగా సాగుతుంది. మా ఫాదర్లు పూజలో ప్రసంగించేటప్పుడే ఈ మాట చెబుతారు. పవిత్ర జలం తాగండి, ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేసుకోండి. మందు మొదలుపెట్టగానే చనిపోతారన్న భయం పాత రోజులది. అప్పట్లో ఆఖరి దశలో వచ్చేవాళ్ళు, మందు పనిచేసే లోపే పోయేవాళ్ళు, నింద మందు మీద పడేది.

2025లో అమెరికా సాయం ఆగినప్పుడు "మాత్రలు అయిపోయాయి" అని వచ్చిన పుకారు కూడా తప్పే. ఆగింది ఎక్కువగా సిబ్బంది జీతాలు, వాళ్ళు నడిపే కార్యక్రమాలు. ఇక్కడ హెచ్‌ఐవీ మందుల్లో చాలావరకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం సొంత డబ్బుతోనే కొంటుంది.

అపోహ: తిండి పెట్టి మతం మారుస్తారు.

మేం వెళ్ళే ఇళ్ళల్లో ఎక్కువమంది ఎప్పటినుంచో క్రైస్తవులే, జయనిస్టులు, షెంబే సంఘంవాళ్ళు (ఈ రెండూ ఆఫ్రికన్లే నడుపుకునే క్రైస్తవ సంఘాలు), మెథడిస్టులు, ఇంకా ఎందరో. కాథలిక్కులు తక్కువ. ఆహారం ప్యాకెట్ ఎవరికివ్వాలో నర్సు బరువు చూసి, ఇల్లు చూసి రాస్తుంది. జ్ఞానస్నానం గడి ఆ ఫారంలో లేదు. పూర్వం మిషన్ భూముల్లో ఉండటానికి షరతులుండేవన్నది మాత్రం నిజమే, దాన్ని దాచక్కర్లేదు.

అపోహ: ప్రభుత్వం ఏమీ చేయదు, అంతా చర్చే చేస్తుంది.

పొరపాటు. 1882లో ఫ్రాంజ్ ఫానర్ మరియన్‌హిల్ మఠం స్థాపించిన నాటి నుంచి మిషన్లు బళ్ళు, ఆసుపత్రులు పెట్టాయి. నల్లవాళ్ళ చదువును ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్న 1953 బంటు ఎడ్యుకేషన్ చట్టం తర్వాత ప్రభుత్వ గ్రాంటు పోయినా, కాథలిక్ మిషన్లు చాలా బళ్ళను మూసేయకుండా చందాలతో నడిపాయి. వర్ణవివక్ష మీద పోరాడిన నాయకుడు స్టీవ్ బికో చదివింది మరియన్‌హిల్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీలోనే. ఈ రోజు మాత్రం నోంగోమాలోని బెనెడిక్టైన్ ఆసుపత్రితో సహా చాలా పాత మిషన్ ఆసుపత్రులు ప్రభుత్వానివే. గ్రాంట్ అందుకునే పిల్లలు దేశంలో సుమారు 1.3 కోట్ల మంది. ఇంత పని ఏ చర్చీ చేయలేదు. ఆ సాయం ఆఖరి ఇంటిదాకా చేరేలా చూడటమే మా వంతు.

అపోహ: జులువాళ్ళు అడవి మనుషులు.

దయచేసి ఈ మాట నా దగ్గర అనకండి. 1860 నుంచి మన తెలుగువాళ్ళు ఇక్కడి చెరకు తోటలకు కూలీలుగా వచ్చారు. వాళ్ళ వారసులు, నాయుడు ఇంటిపేరు ఉన్నవాళ్ళు, ఇప్పుడు మాతో కలిసి జులులో మాట్లాడుతూ కేర్ వర్క్ చేస్తున్నారు.

అపోహ: పాత బట్టలు పార్శిల్ చేస్తే పేదలకు ఉపయోగం.

పంపకండి. వాడిన బట్టల దిగుమతికి ఇక్కడ పర్మిట్ కావాలి. కస్టమ్స్‌లో ఇరుక్కున్న పెట్టెకు అద్దె కట్టేది మేమే. పిల్లలకు కావలసింది స్కూలు యూనిఫాం, బూట్లు. యూనిఫాం కుట్టే ఆడవాళ్ళు మా పక్క ఊళ్ళోనే ఉన్నారు, బూట్లు టౌన్లో దొరుకుతాయి. జనవరిలో బళ్ళు తెరుస్తారు కాబట్టి పంపదలచుకున్నవాళ్ళు నవంబర్ లోపు డబ్బు పంపితే కుట్టేవాళ్ళకు టైం ఉంటుంది.