సియోల్ రెండో లైన్‌లో కాలు పెట్టే చోటు ఎందుకు లేదంటే

పొద్దున్న ఎనిమిదింటికి సియోల్‌లోని సిందోరిమ్ స్టేషన్‌లో మెట్రో రెండో లైన్ రైలు ఎక్కడం మన చేతిలో ఉండదు, వెనకున్నవాళ్ళ చేతిలో ఉంటుంది. వాళ్ళు తోస్తే లోపల పడతాం. కొరియా వాళ్ళు దీనికి 'జిఓక్‌చొల్' అని పేరు పెట్టారు, అంటే నరకం రైలు. 1990లలో అయితే జనాన్ని లోపలికి కుక్కడానికే ప్లాట్‌ఫామ్ మీద మనుషుల్ని పెట్టారు, వాళ్ళకి 'పుష్‌మ్యాన్' అని పేరు. మ్యాపులో ఆకుపచ్చ రంగులో ఉండే ఈ గుండ్రటి లైన్ పొడవు 48.8 కిలోమీటర్లు, 43 స్టేషన్లు, ఒక చుట్టు తిరిగి రావడానికి దాదాపు గంటన్నర. పది పెట్టెల రైలు, అదీ రద్దీ వేళ రెండున్నర, మూడు నిమిషాలకొకటి. అయినా చాలట్లేదు.

ఎందుకు చాలట్లేదో తెలియాలంటే 1974కి వెళ్ళాలి. ఆ ఏడాది ఆగస్టు 15న మొదటి లైన్ మొదలైంది. అదే రోజు పొద్దున స్వాతంత్ర్య దినోత్సవ సభలో అధ్యక్షుడు పాక్ చుంగ్ హీ మీద కాల్పులు జరిగి ఆయన భార్య చనిపోయారు, దాంతో రైలు పండగ కాస్తా విషాదమైంది. అప్పటి మేయర్ పదవి పోయింది, సెప్టెంబరులో కు జా చున్ అనే మాజీ సైనికాధికారి ఆ కుర్చీలోకి వచ్చాడు. అప్పటికి రెండో లైన్ ప్లాన్ వేరు. తూర్పున వాంగ్‌సిమ్ని నుంచి పాత ఊరి మధ్యగా పడమరన యంగ్‌దుంగ్‌పో దాకా ఒక అడ్డగీత, అంతే. 1975లో కు జా చున్ అధికారులని కూర్చోబెట్టి, వాళ్ళ ముందే మ్యాపు మీద ఆ గీతని గుండ్రంగా మార్చేశాడట. ఇరవై నిమిషాల్లో తేల్చేశాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. నిమిషాల లెక్క ఎంత నిజమో గానీ, గీత మాత్రం మారింది.

ఊరికే మార్చలేదు. 1970 నాటికే సియోల్ జనాభా 54 లక్షలు, అందులో ఎక్కువమంది ఊరి మధ్యగా పారే హాన్ నదికి ఉత్తరానే ఉన్నారు. ఉత్తర కొరియా సరిహద్దు ఎంతో దూరం లేదు. 1950లో యుద్ధం మొదలైన మూడు రోజులకే హాన్ వంతెన పేల్చేస్తే లక్షలమంది ఉత్తరాన చిక్కుకుపోయిన సంగతి అప్పటి వాళ్ళు మర్చిపోలేదు. కాబట్టి జనాన్ని నదికి దక్షిణం వైపు పంపాలి. ఆ దక్షిణం ఎలా ఉండేదంటే బేరిపండ్ల తోటలు, క్యాబేజీ మళ్ళు. దానికి సొంత పేరు కూడా లేదు, 'యంగ్‌దుంగ్‌పోకి తూర్పు' అనే అర్థంలో యంగ్‌దాంగ్ అని పిలిచేవాళ్ళు. మనం ఒక పాట పుణ్యమా అని తెలుసుకున్న గంగ్నమ్ అదే. పాత ఊరు, యంగ్‌దుంగ్‌పో, యంగ్‌దాంగ్ ఈ మూడింటినీ ఒక చక్రంతో కలిపితే బరువు మూడు చోట్లా సమానంగా పడుతుందని లెక్క.

1978లో తవ్వకం మొదలై, 1980 అక్టోబరు 31న మొదటి ముక్క తెరిచారు. తర్వాత ముక్కలు ముక్కలుగా కలుపుకుంటూ 1984 మే 22న చక్రం మూశారు. (మధ్యలో సియోల్ నేషనల్ యూనివర్సిటీ పేరుతో ఒక స్టేషన్ ఉంది, అక్కడ దిగి యూనివర్సిటీ గేటుకి నడిస్తే రెండు కిలోమీటర్లు. కొత్త విద్యార్థులు మోసపోవడం అక్కడ ఆనవాయితీ.)

బరువు సమానంగా పడలేదు. ఆఫీసులు, కోర్టులు, పేరున్న హైస్కూళ్ళు అన్నీ గంగ్నమ్‌కి చేరాయి. 1989లో ప్రభుత్వం ఊరి చుట్టూ అయిదు కొత్త పట్టణాలు ప్రకటించింది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇక్కడే పడింది. వాటిలో ఫ్యాంగ్‌చోన్, సాన్‌బోన్ జనం నాలుగో లైన్‌లో సదాంగ్‌కి వచ్చి దిగుతారు. జుంగ్‌దాంగ్ వాళ్ళు మొదటి లైన్‌లో సిందోరిమ్‌కి వచ్చి దిగుతారు. ఇద్దరూ మారేది రెండో లైన్‌లోకే, పోయేది గంగ్నమ్ వైపుకే. అంటే పిల్లకాలవలన్నీ ఒకే కాలవలోకి వచ్చి పడుతున్నాయి, ఆ కాలవ వెడల్పు మాత్రం 1970లలో నిర్ణయించింది. కొరియాలో ఒక పెట్టెకి 160 మంది ఉంటే వంద శాతం కింద లెక్క. సదాంగ్ దాటాక ఆ లెక్క పొద్దున పూట ఎప్పుడూ దాటిపోతుంది.

మరిన్ని పెట్టెలు తగిలిద్దామంటే ప్లాట్‌ఫామ్ పొడవు పదికే సరి. మరిన్ని రైళ్ళు నడుపుదామంటే, గుండ్రటి లైన్‌కి చివరి స్టేషన్ ఉండదు కదా, ఆలస్యం అయితే అక్కడ ఆగి సర్దుకునే వీలు లేదు. ఒక చోట తలుపు పడకపోతే ఆ ఆలస్యం వెనక రైళ్ళన్నిటికీ పాకుతుంది. 2009లో భారం తగ్గుతుందని తొమ్మిదో లైన్ తెరిచారు, అది రెండో లైన్‌ని మించిన నరకమైంది.

ఒకసారి ఈ చక్రం తెగింది కూడా. 1994లో సొంగ్సు వంతెన కూలి 32 మంది చనిపోయాక మిగతా వంతెనల మీద అందరి కళ్ళూ పడ్డాయి. రెండో లైన్ నది దాటే దంగ్సాన్ వంతెనకి పగుళ్ళున్నాయని 1996 డిసెంబరు 31న మూసేశారు. అది కట్టి పన్నెండేళ్ళే. పడగొట్టి మళ్ళీ కట్టి 1999 నవంబరులో తెరిచేదాకా, దాదాపు మూడేళ్ళు, జనం రైలు దిగి బస్సెక్కి నది దాటారు.

ఇక తలుపుల సంగతి. ప్లాట్‌ఫామ్ అంచున గాజు తలుపులు పెట్టాక పట్టాల మీద పడి చనిపోయేవాళ్ళు తగ్గారు, కానీ ఇంత రద్దీలో అవి తరచూ మొరాయిస్తాయి, రైళ్ళు ఆపకుండానే బాగుచేయాలి. 2013లో సొంగ్సు, 2015లో గంగ్నమ్, 2016 మే 28న గుయి. మూడూ రెండో లైన్ స్టేషన్లే, మూడు చోట్లా రిపేరుకి వెళ్ళిన మనిషి రైలు గుద్దుకుని చనిపోయాడు. గుయిలో పోయిన కుర్రాడికి 19 ఏళ్ళు, కాంట్రాక్టు ఉద్యోగి. ఇద్దరు వెళ్ళాలని రూల్ ఉన్నా ఒక్కడే వెళ్ళాడు. అతని బ్యాగులో పనిముట్ల మధ్య తినని కప్పు నూడుల్స్ దొరికింది. 9-4 నంబరు తలుపు దగ్గర గాజు నిండా జనం చీటీలు అంటించారు. ఆ తర్వాతే ఈ పనిని కాంట్రాక్టు నుంచి తప్పించి నగరం తన చేతిలోకి తీసుకుంది.

ఈమధ్య రద్దీ కొత్త చోటుకి పాకింది. చెప్పులు కుట్టే చిన్న కార్ఖానాలతో ఉండే సొంగ్సు ఇప్పుడు కెఫేలు, బ్రాండ్ల తాత్కాలిక షోరూముల పేట. 2024 జులైలో అక్కడి మూడో నంబరు గేటు ముందు సాయంత్రం లోపలికి పోవాలని నిలబడ్డ క్యూ రోడ్డు మీదికి వచ్చేసిన ఫోటో దేశమంతా తిరిగింది. 1980లో తెరిచిన మొదటి ముక్కలోదే ఆ స్టేషన్.