ఇసకపల్లి ఉప్పులోకి అయోడిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉండదంటే నెల్లూరు వైపు ఎవరూ ఒక పట్టాన నమ్మరు. "చేపల్లో ఉంటుందంటారు, నాచులో ఉంటుందంటారు. అదే నీళ్లు ఎండితే వచ్చే ఉప్పులో ఎందుకుండదు?" అని ఎదురు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఉప్పు మడుల్లోనే దొరుకుతుంది.

అల్లూరు మండలం ఇసకపల్లిలో అయినా, ప్రకాశం జిల్లా కనపర్తిలో అయినా ఉప్పు పండించే తీరు ఒకటే. ఉప్పునీటిని మడుల్లోకి ఎక్కించి, ఒక మడి నుంచి ఇంకో మడికి మారుస్తూ ఎండకు చిక్కబరుస్తారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 27 గ్రాముల దాకా ఉంటుంది. ఇవన్నీ ఒకేసారి బయటపడవు. ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. నీరు దాదాపు పదో వంతుకు ఇగిరాక గానీ ఉప్పు కట్టడం మొదలుకాదు. చివరికి మిగిలిన చేదునీటిని సమయం చూసి వదిలేయాలి. ఆలస్యమైతే అందులోని మెగ్నీషియం ఉప్పుకు పట్టేస్తుంది. అలాంటి ఉప్పు నాలుకకు చేదు తగులుతుంది, డబ్బాలో పోస్తే చెమ్మగిల్లుతుంది.

అయోడిన్‌లో ఎక్కువ భాగం ఆ చేదునీటితోనే పోతుంది. కొంత గాలిలో కలుస్తుంది. ఉప్పు స్ఫటికంలో క్లోరిన్ కూర్చునే చోట అంతకంటే లావుగా ఉండే అయోడిన్ సులువుగా ఇమడదు. పోనీ, మొత్తం ఇమిడిందనే అనుకుందాం. లీటరు సముద్రపు నీటిలో ఉండే అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు. దాన్ని 27 గ్రాముల ఉప్పుకు పంచితే కిలోకు రెండు మిల్లీగ్రాముల పైచిలుకు వస్తుంది. దుకాణంలో మన చేతికొచ్చే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలని చట్టం చెబుతోంది. అంటే చుక్క అయోడిన్ వృథా కాకపోయినా ఆరో వంతుకు కూడా చేరదు. నాచు, చేపల సంగతి వేరు. అవి బతికున్నన్నాళ్లూ అయోడిన్‌ను ఒంట్లో పోగుచేసుకుంటాయి. అందుకే వంజరం పులుసు తిన్నవాళ్లకు కొంత అందుతుంది. చెరువు చేపల్లో అంత ఉండదు.

ఆ 15 అన్న అంకె వెనక లెక్క ఉంది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. గర్భిణులకు ఇంకా ఎక్కువ కావాలి, కడుపులో బిడ్డ మెదడు ఎదగాలి కాబట్టి. మనం రోజుకు పది గ్రాముల దాకా ఉప్పు తింటామనుకుంటే 150 మైక్రోగ్రాములూ సరిగ్గా వచ్చేస్తాయి. (ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాముల లోపే తినమంటుంది. పూటకో ఊరగాయ ఉండే ఇళ్లలో ఆ మాట ఎవరికి చెప్పాలి!)

ఈ ఉప్పు పథకంలో మన తెలుగాయన పాత్ర పెద్దది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అక్కడ అయోడిన్ చాలక వచ్చే గొంతు ముందు వాపు, అంటే గాయిటర్, ఊరూరా ఉండేది. లోయను మూడు భాగాలు చేసి రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు మొదటి రెండు చోట్లా జబ్బు బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును నేరుగా తినడానికి అమ్మకూడదన్న నిషేధాన్ని 2000లో ఎత్తేసి, 2006లో మళ్లీ తెచ్చారు.

మరి కలిపే అయోడిన్ ఎక్కడిది? మనకు అది దిగుమతే. ప్రపంచంలో సగానికి పైగా అయోడిన్ దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి వస్తుంది. రెండో స్థానం జపాన్‌ది. అక్కడ భూమి లోపలి నుంచి సహజవాయువుతో పాటు పైకొచ్చే ఉప్పునీటి నుంచి తీస్తారు. చిలీలో దొరికేది అటకామా ఎడారి మట్టిలో. వాన పడే చోట నేలలోని అయోడిన్ కొట్టుకుపోతుంది, కాంగ్రా లాంటి కొండ ప్రాంతాల కష్టానికి కారణం అదే. అటకామాలో వాన దాదాపు పడనే పడదు కాబట్టి అది నేలలోనే నిలిచిపోయింది. ఇసకపల్లి ఉప్పుకు అయోడిన్ పట్టించాలన్నా అది సముద్రాలు దాటి రావలసిందే.

ఇక మన వంటింట్లోని ప్యాకెట్ ఇసకపల్లిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. దేశంలో ఉప్పు అత్యధికంగా పండేది గుజరాత్‌లో. ప్యాకెట్ వెనక్కి తిప్పితే పొటాషియం అయోడేట్ అని ఉంటుంది, అయోడిన్‌ను ఉప్పులో కలిపేది ఆ రూపంలోనే. మన తేమ వాతావరణానికి అయోడైడ్ అనే ఇంకో రూపం కంటే అదే నిలకడగా ఉంటుంది. పక్కనే ఐఎన్ఎస్ 536 అనో 551 అనో కనిపిస్తే అవి ఉప్పు గడ్డకట్టకుండా వేసేవి. 536 అసలు పేరు పొటాషియం ఫెర్రోసయనైడ్. పేరు విని టెన్షన్ పడేవాళ్లున్నారు గానీ, అందులోని సయనైడ్‌ను ఇనుము గట్టిగా పట్టుకుని ఉంటుంది, అనుమతించిన మోతాదులో ప్రమాదం లేదు. ఖరీదైన పింక్ సాల్ట్ ఎక్కువగా పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనిది. ఆ రంగు ఇనుము వల్ల వచ్చింది. విడిగా కలిపితే తప్ప అందులోనూ చాలినంత అయోడిన్ ఉండదు.

రాళ్లుప్పు వాడేవాళ్లు ఒకటి గమనించాలి. దానికి అయోడేట్‌ను పైన చల్లుతారు. మట్టి పోవాలని కడిగితే అది కూడా పోతుంది. అసలు ఉందో లేదో తెలియాలంటే ఉర్లగడ్డను కోసి, కోసిన వైపు ఉప్పు రాసి, నిమిషం ఆగి రెండు చుక్కల నిమ్మరసం పిండితే చాలు. నీలం తిరిగితే ఉన్నట్టు. ఎంత ఉందో మాత్రం దీంతో తేలదు, అందుకు ల్యాబ్‌కి పంపాల్సిందే.