చెప్తే 500: క్యాంపుల్లో ఫైన్ల గొడవ వెనక ఉన్న కథ

నెల్లూరు క్రికెట్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ వారమంతా తిరుగుతున్న స్క్రీన్‌షాట్ ఈపాటికి అందరూ చూసే ఉంటారు. చూడనోళ్ళ కోసం, అది ఒక క్యాంప్‌లో సీనియర్లు జూనియర్లకి పెట్టిన ఫైన్ లిస్ట్. నెట్స్‌కి లేటైతే 20, క్యాచ్ వదిలేస్తే 30, అన్నల కిట్ బ్యాగ్ మోయకపోతే 50, ఇట్టా పోయి పోయి ఆఖరి లైన్లో "సార్ కి చెప్తే 500" అని ఉంది. డబ్బులు ఒక సీనియర్ నెంబర్‌కి ఫోన్‌పే కొట్టాలంట. ఒక పిలకాయ వాళ్ళమ్మ ఫోన్‌లోంచి కొట్టాడు, ఆమె హిస్టరీ చూసుకుని ఇదేందిరా అని నిలదీసింది, సాయంత్రానికి అది జిల్లా అంతా తిరిగింది.

పోయిన సీజన్లో కూడా ఇదే రకం గొడవ లేచి సద్దుమణిగింది కాబట్టి ఈసారైనా దీని వెనక ఏముందో రాయమన్నారు. ర్యాగింగ్ చరిత్ర మొత్తం మళ్ళీ తవ్వను, సుప్రీంకోర్టు వేసిన రాఘవన్ కమిటీ, 2009 యూజీసీ రూల్స్, ఇవన్నీ కాలేజీ అడ్మిషన్ ఫారంతో పాటు అందరం సంతకం పెట్టినవే. నాకు కావాల్సింది ఆ ఆఖరి లైను. బ్యాగులు మోయించడం మీదే గ్రూపుల్లో అందరూ కొట్టుకుంటున్నారు గానీ, అసలు సంగతి ఆ 500 దగ్గర ఉంది. ఎందుకంటే ఇట్టాంటి లైనే ఇంకో చోట, చాలా పెద్ద టీమ్‌లో, అచ్చం ఇట్టాగే రాసిపెట్టి దొరికింది.

అది అమెరికాలో మయామి డాల్ఫిన్స్ టీమ్. వాళ్ళ ఫుట్‌బాల్, అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. అందులో లైన్‌మెన్ అని ఉంటారు, క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ముఖ్యమైన ఆటగాడి మీద ఎవడూ పడకుండా గోడలాగా నిలబడే భారీ మనుషులు. జోనథన్ మార్టిన్ ఆ గోడలో ఒకడు, స్టాన్‌ఫర్డ్‌లో చదివినోడు, 2012లో టీమ్‌లోకి వచ్చాడు. రిచీ ఇన్‌కాగ్నిటో సీనియర్, ఆ గుంపుకి పెద్దన్న. 2013 అక్టోబర్ 28న మార్టిన్ ప్లేటు పట్టుకుని టీమ్ క్యాంటీన్‌లో తోటి లైన్‌మెన్ కూర్చున్న టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చోగానే, వాళ్ళంతా ముందే అనుకున్నట్టు ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయారు. జోకంట. మార్టిన్ ఆ రోజే టీమ్ వదిలేసి బయటికి నడిచాడు, మళ్ళీ డాల్ఫిన్స్‌కి ఆడలేదు.

బయట జనానికి మొదట ఇది అర్థం కాలేదు. ఆరడుగుల పైన ఉండే మనిషి, లక్షల డాలర్ల జీతం, టేబుల్ మీద నుంచి లేచి పోయారని ఏడ్చిపోయాడా అని నవ్వారు. తర్వాత ఒక వాయిస్‌మెయిల్ బయటికొచ్చింది. అందులో ఇన్‌కాగ్నిటో, నల్లజాతి మూలాలున్న మార్టిన్‌ని ఇక్కడ రాయలేని మాటలు తిట్టాడు, చంపేస్తానని కూడా అన్నాడు. టీమ్ నవంబర్ 3న అతన్ని సస్పెండ్ చేసింది. అప్పుడు కూడా చాలామంది ప్లేయర్లు, రిటైరైన పెద్దలతో సహా, లాకర్ రూమ్ మాటలు లాకర్ రూమ్‌లోనే ఉండాలి, వీడు బయట పెట్టాడేంది అనే అన్నారు. ఇన్‌కాగ్నిటో అయితే మార్టిన్ తనకి పంపిన టెక్స్ట్‌లు వెయ్యికి పైనే ఉన్నాయి, మేం ఫ్రెండ్స్ కాకపోతే ఇన్ని ఎట్టా వస్తాయి అన్నాడు. మన గ్రూపుల్లో ఇప్పుడు "ఆ పిల్లోడు సీనియర్లతో నవ్వుతా దిగిన సెల్ఫీ" పెడుతున్నారు చూడండి, అదే వాదన.

లీగ్ వాళ్ళు టెడ్ వెల్స్ అనే లాయర్‌తో ఎంక్వయిరీ చేయించారు. 2014 ఫిబ్రవరి 14న 144 పేజీల రిపోర్ట్ వచ్చింది. నా లెక్కలో ఈ కథ మొత్తం తిరిగింది అక్కడే. ఎందుకంటే ఆ రిపోర్ట్‌కి ఒక నోట్‌బుక్ దొరికింది.

లైన్‌మెన్ వాళ్ళలో వాళ్ళకి ఒక ఫైన్ బుక్ ఉండేది. లేటుగా వస్తే ఇంత, ఫలానా తప్పుకి ఇంత, సరదాగా మొదలైన లెక్కలే. సస్పెండ్ చెయ్యబోతున్నారని తెలియగానే ఇన్‌కాగ్నిటో తోటి ప్లేయర్లకి మెసేజ్ కొట్టాడు, పొద్దున్నే ఆ పుస్తకం నాశనం చెయ్యండి అని. ఎవరూ చెయ్యలేదు, అది ఎంక్వయిరీ వాళ్ళ చేతికి వచ్చింది. మార్టిన్‌ని కుప్పకూల్చినందుకు అని తన మీద తనే 200 డాలర్ల ఫైన్ రాసుకున్నాడు ఇన్‌కాగ్నిటో. మార్టిన్‌ని ఆడిపోసుకుంటున్న ఇంకో లైన్‌మన్‌కి ముందుగా బెదిరిపోకుండా నిలబడ్డందుకు 250 బోనస్. తోటోడి సంగతి కోచ్‌ల దగ్గర బయటపెట్టిన వాడికి వాళ్ళు పెట్టిన పేరు జూడాస్, బైబిల్లో యేసుని పట్టిచ్చిన యూదా అన్నమాట, దానికీ ఫైన్.

లేటుకి, క్యాచ్‌కి ఫైన్ వేస్తే పిలకాయలు సాయంత్రం సమోసాలు తిని నవ్వుకుంటారు, నేను కాదనను, ఆ డబ్బులు అందరి కడుపులోకే పోతాయి. కానీ చెప్పడానికి రేటు కట్టిన రోజు నుంచి పై లైన్లన్నీ మారిపోతాయి. బ్యాగ్ ఒక కిలోమీటర్ మోయించినా, పది కిలోమీటర్లు మోయించినా, అర్ధరాత్రి లేపి బట్టలు ఉతికించినా ఇంక బయటికి రాదు కదా. హద్దు ఎక్కడుందో చూసేవాడే లేడు. మయామిలో అదే జరిగింది. మార్టిన్ ఒక్కడే కాదు, ఇంకో కుర్ర లైన్‌మన్, ఆసియా మూలాలున్న ఒక అసిస్టెంట్ ట్రైనర్ కూడా వాళ్ళ నోటికి బలైనోళ్ళే అని రిపోర్ట్ తేల్చింది. ముగ్గురిలో ఎవరూ పైకి చెప్పలా.

సార్‌కి తెలీదు అనే మాట కూడా అక్కడ నిలబడలేదు. లైన్ కోచ్ జిమ్ టర్నర్ ఆ వెటకారాల్లో తనూ ఒక చెయ్యి వేసినోడే. మార్టిన్ టీమ్ వదిలి వైద్యం తీసుకుంటుంటే, ఇన్‌కాగ్నిటో తప్పులేదని బయటికి ఒక మాట చెప్పు అని అతనికే టెక్స్ట్‌లు పంపాడు. రిపోర్ట్ వచ్చిన ఐదో రోజు టర్నర్‌ని, హెడ్ ట్రైనర్‌ని టీమ్ తీసేసింది. ఇన్‌కాగ్నిటో తర్వాత బఫెలో టీమ్‌కి పోయి బాగానే ఆడాడు. మార్టిన్ 2015లో వెన్ను గాయంతో రిటైరైపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత మార్టిన్ తనే, నన్ను బుల్లీ చేశారని నేనెప్పుడూ అనుకోలేదు అని ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. సీనియర్ల తరఫు వాళ్ళు దీన్ని బాగా వాడతారు, వాడనివ్వండి. పుస్తకంలో రాసింది మాత్రం ఇన్‌కాగ్నిటో చేతిరాతే.

బ్యాగుల సంగతి కూడా ఒక మాట, ఎందుకంటే మన దగ్గర బ్యాగ్ మోయనన్నవాడికి పొగరు అని ముద్ర వేస్తున్నారు. మయామి కంటే మూడేళ్ళ ముందు, 2010లో డల్లాస్ కౌబాయ్స్‌లో డెజ్ బ్రయంట్ అనే కొత్త కుర్రాడు సీనియర్ ప్యాడ్లు మోయను, నేను ఆడ్డానికి వచ్చానన్నాడు. సెప్టెంబర్లో టీమ్ అంతా ఒక హోటల్లో కూర్చుని తిని తాగి బిల్లు అతని మీద వేసింది. దాదాపు 55 వేల డాలర్లు. పేపర్లన్నీ దాన్ని తమాషా వార్త లాగే రాశాయి. 2016 డిసెంబర్లో అక్కడి బేస్‌బాల్ లీగ్ కొత్త ప్లేయర్లకి ఆడవేషాలు వేయించడం, బలవంతంగా తాగించడం రూల్ పెట్టి ఆపింది, అప్పుడు కూడా మా సరదా చెడగొట్టారని ఏడ్చినోళ్ళు ఉన్నారు.

ఇదంతా అమెరికా గోల, మన పిలకాయలు అట్టా ఉండరు అనేవాళ్ళకి మన బౌలర్ యుజ్వేంద్ర చాహల్ ఉన్నాడు. 2013లో ముంబై ఇండియన్స్‌లో ఉన్నప్పుడు బెంగళూరులో మ్యాచ్ అయ్యాక పార్టీలో, బాగా తాగిన ఒక టీమ్‌మేట్ తనని 15వ అంతస్తు బాల్కనీ నుంచి బయటికి వేలాడదీశాడని, చెయ్యి జారుంటే అంతే సంగతులని చెప్పాడు. ఎప్పుడు చెప్పాడు? 2022 ఏప్రిల్లో. వేరే టీమ్‌కి మారాక, పెద్ద బౌలర్ అయ్యాక, అశ్విన్ పక్కన కూర్చుని కబుర్లాగా. పేరు అప్పుడు కూడా చెప్పలేదు. రవిశాస్త్రి గట్టిగా ఇది నవ్వుకునే సంగతి కాదు, అట్టాంటోడిని జీవితాంతం నిషేధించాలన్నాడు. వారం పది రోజులు గోల అయ్యి ఐపీఎల్ మ్యాచ్‌ల్లో కలిసిపోయింది. ఇండియాకి ఆడే మనిషికే తొమ్మిదేళ్ళు పట్టింది నోరు తెరవడానికి, కావలి నుంచో ఆత్మకూరు నుంచో ఫస్ట్ బస్సుకి వచ్చి నెట్స్ పట్టే పదిహేనేళ్ళోడు క్యాంప్‌లో రెండో రోజే సార్ దగ్గరికి పోయి చెప్పాలంట!

ఇంక మన ఆంధ్రా సంగతి. ఆంధ్రా కెప్టెన్‌గా చేసిన హనుమ విహారి గొడవ అనగానే అందరికీ గుర్తొచ్చేది 2024 ఫిబ్రవరి 26, ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో రంజీ క్వార్టర్ ఫైనల్ ఓడిన రోజు పెట్టిన పోస్ట్. బెంగాల్ మ్యాచ్‌లో టీమ్‌లో 17వ ప్లేయర్‌గా ఉన్న కుర్రాడి మీద అరిస్తే వాడు రాజకీయ నాయకుడైన తండ్రికి చెప్పాడు, నన్ను కెప్టెన్సీ నుంచి తప్పించారు అని. ఎన్నికలు ముందున్నాయి, చంద్రబాబు, పవన్, లోకేశ్ అందరూ విహారి వైపు మాట్లాడారు. ముందు ఏడాది ఇదే మధ్యప్రదేశ్ మీద చెయ్యి విరిగినా ఎడమచేత్తో బ్యాటింగ్ చేసిన మనిషి కాబట్టి జనం కూడా అటే. తండ్రి పలుకుబడితో కెప్టెన్‌ని మార్చడం తప్పే, దాంట్లో వాదన లేదు.

కానీ ఆ గొడవలో నాకు ముఖ్యమైంది టీమ్ మేట్లు సంతకాలు పెట్టి అసోసియేషన్‌కి ఇచ్చిన ఉత్తరం. విహారి దూకుడుగా మీదికి పోలేదు అన్నారు, సరే. ఆ తర్వాత మాట, అట్టాంటి భాష డ్రెస్సింగ్ రూమ్‌లో ఎప్పటినుంచో మామూలే, ఒకడు మాత్రం దాన్ని మనసుకి తీసుకున్నాడు అని. అంటే మాట అన్నారని వాళ్ళే ఒప్పుకుంటున్నారు! ఆ కుర్రాడు ఇన్‌స్టాలో రాసింది ఏందయ్యా అంటే, ఆట కంటే ఎవరూ పెద్ద కాదు, నాకు నా ఆత్మగౌరవం అన్నిటికంటే పెద్దది, పర్సనల్‌గా తిట్టడం, బూతులు ఎక్కడైనా ఒప్పుకునేవి కావు అని. దాని కింద కామెంట్లు చదివినోళ్ళకి తెలుసు, అతన్ని ఎంత కడిగారో. ఏమన్నారు, ఎవరి ముందు అన్నారు అని అడిగినోళ్ళు వేళ్ళ మీద లెక్క. తండ్రి కార్పొరేటర్ కాకుండా ఆటో డ్రైవర్ అయ్యుంటే ఆ ఫిర్యాదుకి అసలు బతుకే ఉండేది కాదు, తండ్రి కార్పొరేటర్ కాబట్టి దానికి విలువే లేకుండా పోయింది. ప్రభుత్వం మారాక విహారి లోకేశ్‌ని కలిసి ఆంధ్రాకే ఆడతానన్నాడు, 2025లో త్రిపురకి పోయాడు. ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో పడిన మాటల మీద మాత్రం ఎవరూ ఏదీ తేల్చలేదు.

ఇప్పుడు గ్రూపుల్లో పెద్దలు వాడే వాదన ఈ ఉత్తరంలోంచి దిగిందే. మేమూ మోశాం, మేమూ పడ్డాం, టీమ్ అన్నాక అంతే. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే నెట్స్ చూసేవాళ్ళకి తెలుసు, జిల్లా టీమ్‌లో చోటుకి, అక్కడి నుంచి ఆంధ్రాలోని సౌత్ జోన్ టీమ్‌కి ఎంత పోటీ ఉందో. సీనియర్ ఒక్కడు సార్ చెవిలో "వాడు కొంచెం తేడా సార్" అంటే చాలని ప్రతి పిలకాయా నమ్ముతాడు. నిజంగా సార్ వింటాడా లేదా అనేది తర్వాత సంగతి, ఆ నమ్మకంతోనే 500 లైను పని చేస్తుంది, ఎవడి దగ్గరా 500 వసూలు చెయ్యక్కర్లేదు. ఒంగోలు వైపు కబడ్డీ క్యాంపుల్లో వేరేగా ఉందనుకునేవాళ్ళు అక్కడి పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగి చూడండి.

కేసు పెట్టాలంటున్న తల్లిదండ్రులకి చిక్కు ఎక్కడొస్తుందంటే, 1997 ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం స్టూడెంట్లని, చదువు చెప్పే సంస్థల్ని, వాటి హాస్టళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఏడిపించి అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు, మీదికి పోయినా బెదిరించినా ఏడాది దాకా, ఫిర్యాదు పట్టించుకోకుండా వదిలేసిన సంస్థ పెద్దని కూడా ప్రేరేపించినట్టే చూడొచ్చు. గట్టి చట్టమే. కానీ పది రోజుల క్యాంప్‌కి వచ్చి పోయే ప్లేయర్ ఆ చట్టం లెక్కలో స్టూడెంట్ అవుతాడా అన్న దగ్గర అవతలి లాయర్‌కి సందు దొరుకుతుంది. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 కూడా కాలేజీల కోసం పెట్టిందే. 18 లోపు పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది, దానికి క్యాంపా బడా అన్న తేడా లేదు, పిల్లోడే చెయ్యొచ్చు, వాళ్ళమ్మ కూడా చెయ్యొచ్చు. ఆ నెంబర్ నెట్స్ దగ్గర గోడ మీద రాయమని ఆదివారం మీటింగ్‌లో ఒకాయన అడిగాడు. అకాడమీ వాళ్ళు ఆలోచిస్తామన్నారు, వసూలైన డబ్బులు మాత్రం వెనక్కి ఇచ్చేస్తారంట, ఫోన్‌పేలోనే.