పీజో దారాలు: వోల్టులు చూసి మోసపోకండి

పీజోఎలక్ట్రిక్ దారాల (వంచినా సాగదీసినా కరెంటు పుట్టించే దారాల) మీద పని చేస్తున్నానని తెలిస్తే చాలు, చాలామంది అడిగే మాట ఒకటే. "అయితే ఆ చొక్కా వేసుకుని నడిస్తే ఫోన్ చార్జ్ అయిపోతుందా?" ఏదో వీడియోలో మీటరు మీద 20 వోల్టులు చూసి ఉంటారు. ఫోన్‌కి 5 వోల్టులు చాలు కదా, లెక్క కుదిరిపోయిందనుకుంటారు.

అపోహ: వోల్టులు ఎక్కువ వస్తే పవర్ ఎక్కువ వచ్చినట్టే.

అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. దీన్ని నమ్మి ప్రాజెక్టులు ఎత్తుకున్న విద్యార్థులను, డబ్బు పెట్టినవాళ్లను చూశాను. ఆ 20 వోల్టులు ఓపెన్ సర్క్యూట్‌లో వచ్చినవి, అంటే కరెంటు వాడుకునేది ఏదీ తగిలించనప్పుడు. నడకలో కదలిక సెకనుకు ఒకటి రెండు సార్లే. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో పీవీడీఎఫ్ అనే పీజో ప్లాస్టిక్ దారం ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, చాలా ఎక్కువగా, మెగాఓమ్‌లలో ఉంటుంది. లోడు, అంటే కరెంటు వాడుకునేది ఏదైనా, పెట్టగానే వోల్టేజి పడిపోతుంది.

ఈమధ్య ఒక కుర్రాడు తను నేసిన పట్టీ తెచ్చాడు. మోచేతికి కట్టుకుని చెయ్యి మడిస్తే స్కోపు (వోల్టేజిని గీతగా చూపే పరికరం) మీద 18 వోల్టుల పీకులు, అంటే ఒక్క క్షణం పైకి లేచే శిఖరాలు. అతని మొహం వెలిగిపోతోంది. ఒక మెగాఓమ్ రెసిస్టర్ తగిలించమన్నాను. రెండు వోల్టులు మిగిలాయి. అంటే 4 మైక్రోవాట్లు, అదీ పీక్ దగ్గర మాత్రమే. పోలింగ్ (బలమైన విద్యుత్ క్షేత్రంతో దారానికి పీజో గుణం తెప్పించడం) చేయని దారంతో అలాంటి పట్టీయే నేసి చూస్తే దానికీ కొంత సిగ్నల్ వచ్చింది. అది బట్ట రాపిడికి పుట్టిన స్టాటిక్, పీజో కాదు. ఈ పరీక్ష చేయకుండా ఇచ్చే అంకెలను నేను నమ్మను.

ఫోన్ బ్యాటరీ సుమారు 15 వాట్ అవర్లు. బట్ట నుంచి సగటున 100 మైక్రోవాట్లు వచ్చినా, రెక్టిఫయర్‌లో (అటూ ఇటూ మారే కరెంటును ఒకే దిశకు మార్చే భాగంలో) ఏమీ పోదనుకున్నా, అది నిండాలంటే లక్షా యాభై వేల గంటలు నడవాలి. ఆగకుండా 17 ఏళ్లు! కాబట్టి ఎవరైనా అమ్మజూపితే "ఎంత లోడు మీద, సగటున ఎన్ని మైక్రోవాట్లు?" అని అడగండి. జవాబు రాకపోతే డబ్బు పెట్టకండి.

అలాగని ఈ దారం పనికిరానిది కాదు. ఊపిరి, నాడి, నడక తీరు పసిగట్టే సెన్సర్‌గా చాలా బాగుంటుంది. 10 మైక్రోవాట్లు వచ్చినా కెపాసిటర్‌లో కాసేపు పోగుచేసి, అప్పుడప్పుడూ ఒక చిన్న వైర్‌లెస్ సందేశం పంపవచ్చు. మా పనంతా అటువైపే.

షాక్ కొడుతుందా? చాలామంది నిజంగా భయపడుతూ అడుగుతారు, వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. మనిషికి తెలియాలంటే దాదాపు ఒక మిల్లీఆంప్ కావాలి. ఇక్కడ వచ్చేది మైక్రోఆంప్‌లలో. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం బట్టకు తగిలించిన ఎలక్ట్రానిక్స్ గురించి డాక్టరుని అడిగే వేసుకోండి.

సీసం ఉంటుందా? పీజెడ్‌టీ అనే మరో రకం పీజో సిరామిక్‌లో ఉంటుంది, పీవీడీఎఫ్‌లో ఉండదు. కాకపోతే ఇది ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్, పారేసేటప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే.

ఉతికితే పాడవుతుందా? నీళ్లకు పీవీడీఎఫ్‌కి ఏమీ కాదు. ముందు పోయేది కరెంటు మోసే దారం మీది వెండి పూత, ఆ తర్వాత వైరు అతికించిన చోటు. ఇస్త్రీ మాత్రం వద్దు, ఆ వేడికి పోలింగ్ పోతుంది. బట్ట చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సిగ్నల్ రాదు.