వైఫై కార్డుకు ఒక నంబరు ఉంది

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ల్యాప్‌టాప్ కొన్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది. "విండోస్ తీసేసి లినక్స్ వేశాను. తెర, కీబోర్డు, సౌండు బాగానే ఉన్నాయి, వైఫై మాత్రం లేదు. ఈ మోడల్‌కు లినక్స్ అచ్చిరాదంటున్నారు, నిజమేనా?" 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిశాక ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తోంది.

దసరాకు కంప్యూటర్‌కు బొట్టు పెట్టి దండం పెట్టుకోండి, అది మన సంప్రదాయం. కానీ లోపల అచ్చిరావడం, రాకపోవడం అంటూ ఏమీ లేదు. అక్కడ ఉన్నది నంబర్ల లెక్క. ఎంత అందమైన లెక్కో!

కంప్యూటర్ ఆన్ కాగానే బడిలో హాజరు పిలిచినట్టు లోపలి పరికరాలను పిలవడం మొదలవుతుంది. టీచరుకు పిల్లల పేర్లు తెలియవు, బల్లల నంబర్లే తెలుసు. లోపలి పరికరాలను కలిపే పీసీఐ పద్ధతిలో గరిష్ఠంగా 256 బస్సులు (డేటా నడిచే దారులు), ఒక్కో బస్సు మీద 32 పరికరాలు, ఒక్కో పరికరంలో 8 విభాగాలు ఉండవచ్చు. ఒక్కో చోటును పిలిచి మొదటి నాలుగు బైట్లు చదువుతారు. మొదటి రెండు బైట్లు తయారీదారు నంబరు, తర్వాతి రెండు మోడల్ నంబరు. ఆ బల్ల ఖాళీ అయితే అన్నీ బైనరీ ఒకట్లే తిరిగి వస్తాయి, పదహారు గుర్తుల లెక్కలో రాస్తే ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్. అందుకే ఆ నంబరును ఏ కంపెనీకీ ఇవ్వలేదు. ఇంటెల్ నంబరు 8086. 1978లో వచ్చిన ఆ కంపెనీ ప్రాసెసర్ పేరూ అదే! లినక్స్ ఈ జవాబును తన జాబితాతో పోల్చి, సరిపోయిన డ్రైవర్‌ను, అంటే ఆ పరికరంతో మాట్లాడే ప్రోగ్రామును, ఎక్కిస్తుంది. మన పాఠ్యపుస్తకాలు కంప్యూటర్ తరాలను బట్టీ పట్టిస్తాయి గానీ, ఈ హాజరు పట్టీని పిల్లలకు ఒక్కసారైనా చూపించవు. నాకది బాధగా ఉంటుంది.

మోడల్ నంబరు జాబితాలో లేకపోయినా మరో దారి ఉంది. ప్రతి పరికరం తన తరగతిని, అంటే తాను ఏ రకమో, కూడా చెబుతుంది. 01, 08, 02 అని చెప్పిందంటే అది ఫైళ్లు దాచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. దానితో మాట్లాడే పద్ధతి అన్ని కంపెనీలకూ ఒకటే కాబట్టి ఒక్క డ్రైవర్ చాలు. వైఫై కార్డు సాధారణంగా 02, 80 అంటుంది. 'నెట్‌వర్క్‌కు చెందిన మరేదో పరికరం' అని దాని అర్థం. తానేమిటో చెప్పింది గానీ, తనతో ఎలా మాట్లాడాలో చెప్పలేదు. చిక్కంతా ఇక్కడే.

పైగా చాలా వైఫై కార్డుల్లో సొంతంగా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాన్ని నడిపించే ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, డ్రైవర్ ప్రతిసారీ కార్డులోకి ఎక్కించాలి. కొందరు తయారీదారులు ఆ ఫైలును ఇతరులు పంచడానికి అనుమతించరు. అనుమతి ఉన్నా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగలది) కాదన్న కారణంతో డెబియన్ అనే లినక్స్ రకం 2023లో 12వ వెర్షన్ వచ్చేదాకా అలాంటి ఫైళ్లను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు. అలాంటప్పుడు డ్రైవర్ సిద్ధంగా ఉన్నా కార్డు పలకదు.

కాబట్టి ఆ పాఠకుడు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని ఎన్‌ఎన్ ఆప్షన్‌తో (lspci -nn) ఇచ్చి, వైఫై వరుస చివర బ్రాకెట్లలో కనిపించే జంట నంబర్లు రాసుకోవాలి. ఆ జంటతో వెతికితే డ్రైవర్ పేరు, కావలసిన ఫర్మ్‌వేర్ పేరు తెలుస్తాయి. దింపుకోవడానికి ఇంటర్నెట్ కావాలి కదా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది. ఫోను తన తరగతిని లినక్స్‌కు తెలిసిన పద్ధతిలోనే చెబుతుంది కాబట్టి, దానికి వేరే డ్రైవర్ వెతకాల్సిన పని లేదు.